ఏ బండి సామానో తేల్చిన కథ: మా 1947 షెవర్లే కింద మూడు బండ్లు

స్పేర్ పార్ట్స్ కొట్లో అరిగిపోయిన బుష్షు (కీలు దగ్గర వేసే రబ్బరు గుల్ల) కౌంటర్ మీద పెట్టగానే అవతలి మనిషి అడిగేది ఒక్కటే: "ఏ బండిదండీ?" దానికి జవాబు చెప్పలేకపోతే జేబులో ఎంత ఉన్నా లాభం లేదు. మా కారుకి ఆ జవాబు లేదు. ఆర్.సి.లో 1947 షెవర్లే ఫ్లీట్‌మాస్టర్ అని ఉంది, పైన చూసినా అదే. బానెట్ ఎత్తితే ఇసుజు 2.0 డీజిల్, అంబాసిడర్లకి వచ్చిన ఇంజను. ఆ మార్పు ఆర్.సి.లో ఎక్కించే ఉంది. జాకీ మీద ఎత్తి కిందకి దూరితే మాత్రం షెవర్లే కనపడదు. ముందు ఏ బండిదో తెలియని ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది), వెనక కాయిల్ స్ప్రింగులు, వాటి చుట్టూ ఎవరో గ్యాస్‌తో కోసి వెల్డింగ్ పెట్టిన క్రాస్‌మెంబర్లు (అడ్డ దూలాలు). ఏ బండి నుంచి ఏది తీశారో రాసిన కాగితం ముక్క కూడా లేదు.

కారు పాలకొల్లు వైపు ఒక రైసుమిల్లు షెడ్డులో ఏళ్ల తరబడి ధాన్యం బస్తాల పక్కన ఉండిపోయింది. మా మేనమామ మాట సాయంతో నా చేతికొచ్చింది. జనరల్ మోటార్స్ వాళ్లు 1928 నుంచి 1954 దాకా బొంబాయిలో బండ్లు బిగించి అమ్మేవారు కాబట్టి ఆ కాలపు షెవర్లేలు మన జిల్లాల్లో మిల్లు ఆసాముల ఇళ్లకీ బస్సు కంపెనీలకీ బాగానే వచ్చాయి. అమెరికాలో అయితే 1948, అంతకుముందు మోడల్ బాడీ ఉంచుకుని కింద కొత్త సామాను వేస్తే దాన్ని స్ట్రీట్ రాడ్ అంటారు. ఇక్కడ దాన్ని ఆర్టీఓ వాళ్లు ఏమంటారో నేను చెప్పక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలు మార్చకూడదంటుంది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల్లో 50 ఏళ్లు దాటిన కారుకి వేరే నంబరు ఇస్తారు గానీ ఛాసిస్‌లో మార్పులు ఉండకూడదు. అందుకని మా షెవర్లే ప్రస్తుతం మిల్లు ఆవరణా, మా తోట బాటా దాటదు. ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం.

అమ్మినాయన చెప్పిన కథ ప్రకారం ఈ పనంతా 1990ల్లో మద్రాసులో ఒక పెద్ద వర్క్‌షాపులో జరిగింది, సామానంతా "ఫారిన్". ఆ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

బాధలేంటంటే: కారు ఎడమవైపుకి ఒరిగి ఉండేది. స్టీరింగ్ తిప్పి వదిలితే తనంతట తాను మధ్యకి వచ్చేది కాదు. గతుకు మీద ఒక చక్రం పైకి లేస్తే బండి పక్కకి లాగేది. మా వైపు బాటలు తెలుసుగా, కాలవ గట్టు మీదైనా చేల మధ్యనైనా కింద ఉన్నది నల్లరేగడే. వానలకి ఉబ్బుతుంది, ఎండలకి కుంగి బీటలిస్తుంది. బాట సమంగా ఉండదు, ఎడమ చక్రం ఒక ఎత్తులో, కుడి చక్రం ఇంకో ఎత్తులో పోతుంది. అలాంటి చోట ఈ కారు నడపడమంటే స్టీరింగ్‌తో పేచీ. పైగా ముందు నుంచి టకటకమని చప్పుడు. లోయర్ ఆర్ము (చక్రాన్ని కింద నుంచి ఛాసిస్‌కి కలిపే చెయ్యి) బుష్షుల్లో రబ్బరు అయిపోయిందని చూడగానే తెలుస్తోంది. మార్చాలి. ఏ బండివి తేవాలి?

సలహాలకి కొదవలేదు. మా తణుకు మెకానిక్ గారు అంబాసిడర్ల మీద చెయ్యి తిరిగిన మనిషి. ఆయన కిందకి దూరి, ఛాసిస్ పొడుగునా వెనక్కి పోతున్న రెండు ఇనప కడ్డీలు చూసి, బయటికి రాకుండానే తేల్చేశారు. "ఇంకేటండి బాబుగారూ, టార్షన్ రాడ్లు! ఇంజనూ అంబాసిడర్‌దే, ముందు సెట్టూ అంబాసిడర్‌దే." మాట వినసొంపుగానే ఉంది. కాయిల్ స్ప్రింగు బదులు మెలిపడే కడ్డీ (టార్షన్ బార్) మీద బరువు నిలబెట్టడం అంబాసిడర్‌కి తన మూలమైన ఇంగ్లీషు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆస్తి. డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోటోలు పంపితే ఆయన వెంటనే, "ఒరేయ్, స్ట్రీట్ రాడ్ అంటే ముందు మస్టాంగ్ 2యే ఉంటుందిరా, ఇక్కడ అందరూ అదే వేస్తారు" అన్నాడు. 1974 నుంచి 1978 దాకా వచ్చిన ఆ ఫోర్డు ముందు సెట్టు చిన్నది, చవక, రాక్ స్టీరింగ్‌తో (పళ్ల కడ్డీ పక్కలకి జరిగి చక్రాలు తిప్పేది) వస్తుంది కాబట్టి అక్కడ వేలాది పాత కార్ల కింద చేరింది. కానీ దానికి ఉండేవి కాయిల్ స్ప్రింగులు. పైగా అసలు మస్టాంగ్ 2 లోయర్ ఆర్ము సన్నగా ఒకే కాలుతో ఉంటుంది, ముందుకో వెనక్కో లాగి పట్టుకోవడానికి వేరే స్ట్రట్ రాడ్ ఉంటుంది. మాది రెండు కాళ్ల ఆర్ము. "టార్షన్ బారైతే ప్లిమత్ వొలారే చూడు" అన్నాడు మళ్లీ. ఆ క్రైస్లర్ బండ్లలో టార్షన్ బార్లు అడ్డంగా, ముందు క్రాస్‌మెంబర్‌లోనే ఉంటాయి. మావి నిలువుగా వెనక్కి పోతున్నాయి. అన్నయ్య అమెరికా లిస్టు అక్కడితో అయిపోయింది.

నాకు ఒకటి అర్థమైంది. అందరూ ఒక ముక్క చూసి మొత్తం బండికి పేరు పెడుతున్నారు. ఇలాంటి కారు కట్టినవాడు ఒకే బండిని కొని తెచ్చి విప్పి వెయ్యడు. ఏది ఎప్పుడు తుక్కులో చవగ్గా దొరికితే అది వేస్తాడు. కాబట్టి ముక్క ముక్కకీ విడిగా పుట్టుక కనుక్కోవాలి, ఒకదాని సాక్ష్యం ఇంకోదానికి వాడకూడదు.

మొదటి పని కడగడం. ఉప్పుగాలి, చేపల చెరువుల తేమ, మిల్లు ఊక దుమ్ము, పాత గ్రీజు కలిసి ఆర్ముల మీద చెక్కలాంటి పొర కట్టాయి. చాలామంది ఇక్కడ గ్రైండర్‌కి వైర్ చక్రం బిగించి గీకేస్తారు. నేను వద్దన్నాను. ఇనుములో పోతపోసిన అక్షరాలు అరమిల్లీమీటరు ఎత్తు కూడా ఉండకపోవచ్చు, రంగుతో వేసిన గుర్తులైతే ఒక్క రాపిడికి పోతాయి. కిరసనాయిలు పూసి నానబెట్టి, చెక్క పుల్లతో గీకి, ఇత్తడి బ్రష్‌తో తోమాం. తర్వాత చీకటి పడ్డాక సెల్‌ఫోన్ లైటు ఏటవాలుగా పట్టుకుని చూశాం. ఎదురుగా లైటు వేస్తే ఏమీ కనపడదు, పక్కనుంచి వేస్తే నీడలు పడి అంకెలు లేస్తాయి. తుప్పు తిన్న చోట పల్చటి కాగితం అదిమి పెన్సిల్ రుద్దితే కంటికి అందనివి కూడా తేలాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. దొరికిన ప్రతి అంకె పార్టు నంబరు కాదు. పోతలో వచ్చినది ఫౌండ్రీ అచ్చు నంబరు కావచ్చు. సామాను తయారు చేసిన కంపెనీ గుర్తు బండి కంపెనీ గుర్తు కాదు. మా టై రాడ్ ఎండు (స్టీరింగ్ కడ్డీ చివరి కీలు) మీద రానే అని ఉంది. వాళ్లు పది కంపెనీల బండ్లకి స్టీరింగ్ సామాను చేస్తారు. షాకబ్జర్ మీద గేబ్రియల్ అని ఉన్నా అంతే. అసలు షాకబ్జర్లు, బాల్ జాయింట్లు (గుండు కీళ్లు), బేరింగులు మధ్యలో ఎన్నిసార్లు మారి ఉంటాయో ఎవరికెరుక. మారనివి ఆర్ములు, నకల్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో తిరిగే ముక్క), హబ్బు (చక్రం బిగించే దిమ్మ), వెనక యాక్సిల్ హౌసింగ్. సాక్ష్యం అడగాల్సింది వాటినే.

చక్రాల దగ్గర మొదలుపెట్టాం, ఎందుకంటే అక్కడ అబద్ధం చెప్పడం కష్టం. నాలుగు వైపులా 5 స్టడ్లు (చక్రం బిగించే బోల్టులు). నాలుగు స్టడ్లుంటే ఎదురెదురువి కొలిస్తే పీసీడీ (స్టడ్ల మధ్యల మీదుగా గీసిన వృత్తం వ్యాసం) వచ్చేస్తుంది. అయిదుంటే ఎదురుగా ఏదీ ఉండదు, అందుకే చాలామంది అందాజుగా చెబుతారు. పద్ధతి ఇది: ఒక స్టడ్ ఎడమ అంచు నుంచి పక్క స్టడ్ ఎడమ అంచు దాకా వెర్నియర్‌తో కొలవాలి. అదే రెండు మధ్యల దూరం. దాన్ని 1.701తో గుణిస్తే పీసీడీ. మాకు 67.2 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే 114.3, పాత లెక్కలో నాలుగున్నర అంగుళాలు. జీపుదైతే పక్క పక్క స్టడ్ల మధ్య 82 దాకా వచ్చేది, దాని పీసీడీ 139.7. టేపుతో కొలిచేవాళ్లకి ఇక్కడే దెబ్బ పడుతుంది: 112 పీసీడీ ఉన్న హబ్బుకి అదే దూరం 65.8. తేడా మిల్లీమీటరున్నర కూడా లేదు.

114.3 అనగానే సగం ప్రపంచం తయారు. అమెరికన్ ఫోర్డులు చాలావాటిదీ అదే, అన్నయ్య మళ్లీ ఫోన్‌లో హుషారయ్యాడు. అందుకని స్టడ్ మర చూశాం. మర కొలిచే గేజీ లేతు షాపులో ఉంటుంది, అగ్గిపెట్టెంత ఉండదు, కానీ దానంత ఖచ్చితంగా నోరు విప్పే సాక్షి ఇంకోటి లేదు. అమెరికన్ ఫోర్డుకి అర అంగుళం స్టడ్, అంగుళానికి 20 మరలు, అంటే ఒక్కో మర 1.27 మిల్లీమీటర్లు. సుజుకి, నిస్సాన్ బండ్లకి ఎం12, మర 1.25. గేజీ పెడితే ఈ రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. స్టడ్ లావు 12.7 ఉందా, 12 ఉందా అన్నదే చెప్పాలి. టొయోటా, హోండా, హ్యుందాయ్‌లకి ఎం12, మర 1.5. మా కారుకి ముందూ వెనకా ఎనిమిది చోట్ల చూశాం, అన్నీ 12 మిల్లీమీటర్లు, 1.5 మర. అమెరికా పోయింది, సుజుకి పోయింది.

అంబాసిడర్ వాదన మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు మా మెకానిక్ గారు. "హబ్బులు మార్చుంటారండి" అన్నారు. ఆయన మాటలోనూ న్యాయముంది. అప్పుడు నకల్ ఎలా తిరుగుతోందో చూశాం. పాత అంబాసిడర్‌లో మోరిస్ కాలపు పద్ధతి, స్వివెల్ పిన్నుల మీద తిరుగుతుంది, వాటికి గ్రీజు గన్‌తో పనుంటుంది. మాదాంట్లో పైనా కిందా బాల్ జాయింట్లు, విడిగా నిలబడ్డ గొట్టం షాకబ్జరు. ఆయన పెదవి విరిచి, "ఆయ్, అయితే మనది కాదండి" అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడానికి నాకు టీలకే బాగా అయింది.

ఇక మన దేశంలో టార్షన్ బార్ నిలువుగా ఉండి, డబుల్ విష్‌బోన్ (పైనా కిందా రెండు కాళ్ల ఆర్ములు), బాల్ జాయింట్లు, గోదావరి జిల్లాల తుక్కు కొట్లలో సులువుగా దొరికే బండ్లేవి? మాకు రెండే తోచాయి, టొయోటా క్వాలిస్, షెవర్లే తవేరా. రెండూ ఒకప్పుడు ఈ జిల్లాల్లో పెళ్లిళ్లకీ, తిరుపతి ట్రిప్పులకీ, అన్నవరం వ్రతాలకీ తిరిగి తిరిగి అరిగిపోయినవే. క్వాలిస్ 2000లో వచ్చి 2005లో ఆగిపోయింది. తవేరా 2004లో వచ్చింది. రెండింటికీ వెనక కమాను కట్టలే (లీఫ్ స్ప్రింగులు).

కాగితాల మీద తేలని సంగతి నేల మీద తేలుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను కొట్లు వరసగా ఉంటాయి. మా కారు కుడి లోయర్ ఆర్ము ఊడదీసి గోనెసంచిలో చుట్టి పట్టుకెళ్లాం. (టార్షన్ బార్ ఉన్న ఆర్ము ఊడదీయడం ఆటలు కాదు. కడ్డీ వెనక కొనని పట్టే యాంకర్ ఆర్ము బోల్టు ఎన్ని మరలు బయటికి ఉందో రాసుకుని, కడ్డీ కొనకీ ఆర్ముకీ కలిపి రంగు గీత గీసి, మెల్లగా సడలించాలి. లోపల బిగబట్టిన బలం చెయ్యి విరగ్గొట్టేంత ఉంటుంది. కుడీ ఎడమా కడ్డీలు తారుమారు చెయ్యకూడదు, అవి ఒకవైపు మెలికకే తయారైనవి.) కొట్టు ఆసామి మా ఆర్ము చేత్తో తూకం చూసి, మాటైనా మాట్లాడకుండా లోపలికెళ్లి రెండు ఆర్ములు తెచ్చి సిమెంటు గచ్చు మీద పక్కపక్కన పడేశాడు. తవేరాది ఒకటి, క్వాలిస్‌ది ఒకటి. బాల్ జాయింటు బోల్టు రంధ్రాల వరస, బుష్షు గుల్ల లావు, షాకబ్జరు కూర్చునే చెవి, బంప్ స్టాప్ రబ్బరు తగిలే పళ్లెం, అన్నీ వెర్నియర్‌తో సరిచూశాం. క్వాలిస్ ఆర్ము మీద మాది పెడితే అంచుకి అంచు కూర్చుంది. పోతలో అక్షరాలు కూడా అదే చోట, అదే సైజులో. ఆసామి అప్పుడు నోరు విప్పాడు: "ముందే అడిగితే చెప్పేవోణ్ణండి." మరి చెప్పలేదేం అంటే, "మీరు కొలుచుకుంటున్నారు కదాని" అన్నాడు.

ఇక అందరూ వెనక కూడా క్వాలిస్సే అన్నారు. స్టడ్లు ఒకటే, పీసీడీ ఒకటే, డ్రమ్ము బ్రేకులు. కానీ క్వాలిస్ వెనక కమాను కట్టల మీద నిలబడే యాక్సిల్. దాని హౌసింగ్ మీద కమాను కూర్చునే పీటలుండాలి, తీసేసినా ఆ వెల్డింగ్ మచ్చలుండాలి. మాదాని మీద అలాంటివి లేవు. కాయిల్ స్ప్రింగు గిన్నెలూ, నాలుగు లింకుల చెవులూ, యాక్సిల్ పక్కకి జరక్కుండా అడ్డంగా పోయే లేటరల్ రాడ్ చెవీ అన్నీ ఫ్యాక్టరీ వెల్డింగే. అతుకు ఎక్కడా చేతిపని కాదు. ఛాసిస్ వైపు చెవులు మాత్రం మన ఊరి వెల్డింగ్. ఇది గమనించడం తేలిక, ఎవరికీ పట్టదంతే: సామానుకి ఉన్న అతుకు ఫ్యాక్టరీదైతే అది ఆ సామాను పుట్టుక చెబుతుంది, చేతి అతుకైతే కట్టినవాడి అవసరం చెబుతుంది.

లింకు బుష్షుల రబ్బరు మీద సబ్బు నీళ్లతో కడిగి పెన్సిల్ రుద్దితే అంకెల మధ్యలో జీరో కె అని కనపడింది. టొయోటా పార్టు నంబరు అయిదు, అయిదుగా రెండు భాగాలు. మొదటి భాగం సామాను ఏమిటో చెబుతుంది, 48తో మొదలైతే సస్పెన్షన్ సామాను. రెండో భాగం ఏ బండి కుటుంబానిదో చెబుతుంది. జీరో కె ఇన్నోవా, ఫార్చ్యూనర్, హైలక్స్ కుటుంబం. వాటిలో మన దేశంలో అమ్మిన ఫార్చ్యూనర్, హైలక్స్‌లకి ఆరు స్టడ్లు, 139.7 పీసీడీ. అయిదు స్టడ్లు, 114.3 మిగిలింది ఇన్నోవాకే. రబ్బరు మధ్యలో మార్చి ఉంటారుగా అనొచ్చు. మార్చినా ఆ గుల్లలో పట్టేది ఆ కుటుంబం బుష్షే. తర్వాత రావులపాలెంలో ట్రావెల్స్ నడిపే మా బావ ఇన్నోవా కిందకి దూరి మళ్లీ కొలిచాం. లింకుల పొడుగు, స్ప్రింగు గిన్నె లావు, అన్నీ కలిశాయి. మా బావ మాత్రం తన బండి కింద పడుకున్నవాళ్లని చూసి, "ఏదైనా ఊడదీస్తున్నారేమో చెప్పండి ముందు" అని పక్కనే కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

ఇప్పుడు అమ్మినాయన కథ దగ్గరకి రండి. ఇన్నోవా మన దేశంలోకి వచ్చింది 2005లో. క్వాలిస్ 2000లో. 1990ల్లో మద్రాసులో జరిగిన పని కింద ఈ రెండూ ఉండటానికి వీల్లేదు. వెనక పని 2005 తర్వాతే జరిగింది, అదీ ఒక ఇన్నోవా తుక్కుకి వచ్చేంత కాలం గడిచాక. ఛాసిస్ మీద వెల్డింగ్ చూస్తే ముందుదీ వెనకదీ ఒకే చెయ్యి. షెవర్లే అసలు వెనక యాక్సిల్ ఎందుకు పోయిందో కూడా దీంతో తెలిసింది. ఆ షెవర్లేలకి 1954 దాకా ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి కనపడదు, గొట్టంలో మూసి ఉంటుంది, ఆ గొట్టం తిన్నగా గేర్‌బాక్సుకి అతుక్కుని ఉంటుంది. ఇసుజు గేర్‌బాక్సు వెయ్యాలంటే ఆ ఏర్పాటంతా తీసెయ్యక తప్పదు. ముందూ వెనకా ఒకే పీసీడీ ఉన్నవి ఎందుకు ఏరాడో మాకు చెప్పేవాడు లేడు గానీ, డిక్కీలో ఉన్న ఒక్క స్టెప్నీ నాలుగు మూలలా పట్టింది. కట్టినవాడు ఆలోచించే కట్టాడు. ఆయన మీద నాకున్న గౌరవం స్టీరింగ్ దగ్గరికి వచ్చేసరికి తగ్గింది.

స్టీరింగ్ రాక్ బ్రాకెట్ బోల్టులకి మిల్లీమీటరు పానా ఏదీ సరిగ్గా పట్టలేదు. టై రాడ్ మర గేజీతో చూస్తే అంగుళాల మర. చుట్టూ టొయోటా మిల్లీమీటర్లు, మధ్యలో అంగుళాలు! ఈసారి మెకానిక్ గారు నవ్వాపుకోలేదు. "ఇది మాత్రం మనదేనండి." వాళ్ల షెడ్డులో మూలనున్న అంబాసిడర్ రాక్ పక్కన పెట్టి చూశాం, పోలికలో తేడా లేదు. ఇంజనుతో పాటే వచ్చి ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే, అంబాసిడర్ టై రాడ్ ఎండు క్వాలిస్ నకల్ ఆర్ము రంధ్రంలో సరిగా కూర్చోదు. ఆ బాల్ కాడ ఏటవాలుగా చెక్కి ఉంటుంది, రంధ్రమూ అదే వాలులో ఉండాలి. కట్టినవాడు లోపల సన్నటి తొడుగు వేసి సరిపెట్టాడు. లేతు షాపులో కాడకి నీలం రంగు పల్చగా పూసి, రంధ్రంలో దించి, తిప్పి తీస్తే సంగతి బయటపడింది. రంగు కాడ మొత్తం అంటుకోవాల్సింది పోయి పైన ఒక సన్నటి ఉంగరంలా మాత్రమే అంటింది. అంటే బరువంతా ఆ ఉంగరం మీదే, కింద నట్టు బిగింపు వల్ల ఊడకుండా ఉంది. ఆ కాడకి అక్కడే బీట పుడుతుంది. స్టీరింగ్ కాడ విరిగితే ఏమవుతుందో గట్టు కింద కాలవ ఉన్న ఊళ్లవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. రాజమండ్రి నుంచి సన్న బీటలు రంగులో చూపించే డై పెనెట్రెంట్ స్ప్రే తెప్పించి కాడలకీ ఆర్ములకీ కొట్టి చూశాం. నకల్ ఆర్ములు బాగున్నాయి. కాడలు రెండూ తుక్కులో పడేశాం.

పరిష్కారం: నకల్ వైపు క్వాలిస్ టై రాడ్ ఎండే వెయ్యడం, ఎందుకంటే అక్కడ ఏటవాలు దానిదే. రాక్ వైపు అంగుళాల మర, ఎండు వైపు మిల్లీమీటరు మర ఉండేలా మధ్యలో పొడుగాటి స్లీవు ఈఎన్24 ఉక్కులో లేతు మీద తిప్పించాం. స్టీరింగ్ సామానులో వెల్డింగ్ ముక్క ఒక్కటి కూడా ఉండకూడదని ముందే చెప్పాను, లేతు ఆయన కూడా అదే మాటన్నారు. రెండు వైపులా లాక్ నట్లు.

గతుకు మీద పక్కకి లాగడం ఎందుకో ఇప్పుడు వెతకొచ్చు. టార్షన్ బార్లు సడలించి, హబ్బుకి లేజర్ లైటు కట్టి, ఎదురు గోడ మీద కాగితం అంటించి, జాకీతో చక్రాన్ని మెల్లగా పైకెత్తుతూ చుక్క ఎటు పోతోందో గుర్తులు పెట్టాం. తిన్నగా పైకి పోవాల్సిన చుక్క పక్కకి వంగిపోతోంది. చక్రం లేచిన కొద్దీ టై రాడ్ దాన్ని తిప్పుతోందన్నమాట. ఆర్ముల లోపలి ఇరుసులు ఎక్కడున్నాయో రాక్ లోపలి జాయింట్లు ఆ గీత మీదే పడాలి. పొడుగు దగ్గరదగ్గరగా సరిపోయింది గానీ రాక్ ఎత్తు ఎక్కువైంది. బ్రాకెట్ కింద ఎవరో దళసరి రేకు పెట్టారు. అది తీసి, ఎత్తు కొద్దికొద్దిగా తగ్గిస్తూ చూస్తే చుక్క దాదాపు నిలువు గీత మీదకి వచ్చింది.

స్టీరింగ్ మధ్యకి రాకపోవడానికి కారణం వేరు. క్రాస్‌మెంబర్ని ముందుకి వాలి ఉండేలా అతికారు. క్వాలిస్ కొలతల పట్టిక పట్టుకుని అలైన్‌మెంట్ చేయించేవాళ్లు ఇది గమనించాలి: క్రాస్‌మెంబర్ కోణం మారితే పై బాల్ జాయింటు ముందుకొచ్చి క్యాస్టర్ (స్టీరింగ్‌ని మధ్యకి తెచ్చే వెనక వాలు) పోతుంది, పట్టికలో అంకెలకి అర్థం ఉండదు. ముందు క్రాస్‌మెంబర్ ఎంత వాలిందో కొలిచి, తర్వాతే క్యాస్టర్ లెక్క. మళ్లీ కోసి అతికే ధైర్యం మాకు లేదు. అప్పర్ ఆర్ము షాఫ్టు బోల్టుల దగ్గర షిమ్ములు (పల్చటి రేకు ముక్కలు) ముందువీ వెనకవీ మార్చి పై బాల్ జాయింటుని వీలైనంత వెనక్కి జరిపాం. పూర్తిగా రాలేదు, కానీ తిప్పి వదిలితే స్టీరింగ్ ఇప్పుడు తనే మధ్యకి వస్తోంది.

సామాను తెచ్చుకోవడం ఆ తర్వాత చిటికెలో పని. ముందు బుష్షులు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండులు క్వాలిస్‌వి, వెనక లింకు బుష్షులు ఇన్నోవావి, రాక్ బూట్లు అంబాసిడర్‌వి. తణుకులోనే దొరికాయి అన్నీ. బిగించేటప్పుడు బుష్షు బోల్టులు చక్రాలు గాల్లో ఉండగా ఆఖరి బిగింపు వెయ్యనివ్వలేదు. కారు నేల మీద తన బరువుతో నిలబడ్డాకే వెయ్యాలి. గాల్లో బిగిస్తే దించగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, ఆర్నెల్లు తిరక్కుండా చిరుగుతుంది. పాతవి అంత త్వరగా పోవడానికి అదీ ఒక కారణమేనని నా అనుమానం. ఎడమ ఒరుగుడు యాంకర్ బోల్టు తిప్పితే సరిపోయింది.

మిగిలింది వెనక లేటరల్ రాడ్. ఛాసిస్ వైపు చెవి బాగా పైన అతికారు, రాడ్ ఏటవాలుగా నిలబడింది. బండి కిందకి దిగినప్పుడల్లా యాక్సిల్ పక్కకి జరుగుతోంది. కారు తన బరువు మీద ఉన్నప్పుడు ఆ రాడ్ నేలకి సమంగా ఉండాలి. కొత్త చెవికి ప్లేటు కోయించి ఉంచాను. మార్టేరు వెల్డింగ్ ఆయన కోత మిషన్ల పనిలో మునిగి ఉన్నారు, దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక రమ్మన్నారు.